ఐపీ వేయకముందే జరగాల్సిన పని: ఆదోని ఎరువుల దుకాణదారు కేసు

కర్నూలు జిల్లా కోర్టుల్లో ఐపీ కేసులు, అంటే అప్పులు కట్టలేనని వేసే దివాలా పిటిషన్లు, కొత్తేమీ కాదు. పత్తో, ఉల్లో, మిరపో దెబ్బతిన్న ఏడాది గడిచాక ఒక్కొక్కటే వస్తాయి. అందులో చాలా కేసులు వకీలుగా నా టేబుల్ మీదికి వచ్చేసరికే చెడిపోయి ఉంటాయి. ఆస్తి భార్య పేరున రాసేసి ఉంటారు. బామ్మర్ది బాకీ మాత్రం తీర్చేసి ఉంటారు. మనిషి బళ్ళారిలోనో బెంగళూరులోనో ఉండి ఫోన్లో "పిటిషన్ పడేయండి సార్" అంటాడు. పిటిషన్ రాయడం పెద్ద పనేం కాదు. అది నిలబడేదీ లేనిదీ, దానికి ముందు ఏడాది ఆ మనిషి ఏం చేశాడన్న దాన్ని బట్టి తేలిపోతుంది.

ఇక్కడ చెప్పబోయే ఆయన దుకాణం ఇంకా తెరిచి ఉండగానే వచ్చాడు. అప్పటికే ఒక తప్పు చేసి వచ్చాడు గానీ, సరిదిద్దుకునే టైం ఉంది. ఆయన ఒప్పుకున్నాకే ఇది రాస్తున్నాను. పేరు చెప్పను, గుర్తుపట్టే వివరాలు మార్చాను, అంకెలు దాదాపుగా ఇస్తున్నాను.

అప్పు ఎలా పేరుకుంది

ఆదోనిలో ఎరువులు, విత్తనాలు, పురుగుమందుల దుకాణం. జూన్‌లో పల్లెల రైతులకు ఉద్దర ఇవ్వడం, పంట యార్డుకు వచ్చాక వసూలు చేసుకోవడం, ఆ డబ్బుతో హోల్‌సేలర్ బాకీ తీర్చడం. ఏళ్లుగా ఇలాగే నడిచింది. 2021 ఖరీఫ్‌లో మిరప మీద నల్ల తామర పురుగు పడింది. తెలుగు రాష్ట్రాలు రెండింట్లోనూ ఆ ఏడాది తోటలకు తోటలే పూత దశలో పోయాయి. పురుగు చావకపోతే రైతు ఇంకో మందు అడుగుతాడు, అదీ పనిచేయకపోతే మరొకటి. ఆ మందంతా ఈయన దుకాణం నుంచి ఉద్దర మీదే పోయింది. పంట రాలేదు, పైసా తిరిగి రాలేదు. హోల్‌సేలర్‌కు కట్టడానికి ఊళ్లో ప్రోనోట్లు రాశాడు. మరుసటి ఏడాది వాటి వడ్డీ కట్టడానికి ఇంకొన్ని ప్రోనోట్లు రాశాడు.

2023లో ఉగాదికి ముందు నా ఆఫీసుకు వచ్చినప్పుడు లెక్క ఇదీ: ఇల్లు తనఖా పెట్టి బ్యాంకులో తీసుకున్న సీసీ (క్యాష్ క్రెడిట్) లోన్ 25 లక్షలు, దానికి అన్న జామీను. ప్రోనోట్ల మీద ప్రైవేటు అప్పులు 31 లక్షలు. హోల్‌సేలర్‌కు 14 లక్షలు, ఆయన దగ్గర సంతకం పెట్టిన ఖాళీ చెక్కులు. ఒక ఫైనాన్స్ కంపెనీకి 6 లక్షలు. భార్య తమ్ముడి దగ్గర చేబదులు 5 లక్షలు. బంగారం లోన్ 4 లక్షలు. జీఎస్టీ బకాయి 80 వేలు. ఇద్దరు గుమాస్తాలకు జీతాలు లక్షా 40 వేలు. అంతా కలిపితే 87 లక్షలు దాటుతుంది.

ప్రోనోట్ల వడ్డీ నూటికి రెండు రూపాయలు. అంటే 31 లక్షలకు నెలకు 62 వేలు. దుకాణం బాగా నడిచిన నెలల్లోనూ ఖర్చులు పోను ఆయనకు అంత మిగిలేది కాదు. ఈ ఒక్క లెక్క ముందే కాగితం మీద వేసుకుని ఉంటే ఏడాది ముందే వచ్చేవాడు. అప్పుల్లో ఉన్న మనిషి అసలు ఎంతో చెప్పగలడు, నెల వడ్డీ మొత్తం ఎంతో మాత్రం ఎప్పుడూ కూడడు.

"ఊరిడిసి పోదామనుకున్యా సార్, టికెట్ గూడా తీసినా" అన్నాడు. ఇలాంటి మాట విన్నప్పుడు నేను ఫైలు పక్కన పెట్టి నిద్ర పడుతోందా, అన్నం తింటున్నారా, ఏమైనా చేసుకోవాలనిపిస్తోందా అని నేరుగానే అడుగుతాను. మొహమాటపడను. భార్యను కూడా పిలిపించి టెలీ మానస్ నంబరు 14416 రాసిచ్చాను. దుకాణంలో మోనోక్రోటోఫాస్ లాంటి విషపు మందు డబ్బాలు పెట్టుకుని కూర్చునే మనిషి విషయంలో ఈ జాగ్రత్త తప్పనిసరి.

ఊరు వదలొద్దని చెప్పడానికి చట్టపరమైన కారణాలూ ఉన్నాయి. అప్పులవాళ్లకు దొరక్కుండా ఇల్లో, వ్యాపార స్థలమో వదిలి పోవడాన్ని దివాలా చట్టం 6వ సెక్షన్ ‘దివాలా చర్య’ అంటుంది. అది జరిగిన మూడు నెలల్లోపు అప్పులవాళ్లే ఈయన మీద పిటిషన్ వేయవచ్చు. అప్పుడు టైం, తీరు అంతా వాళ్ల చేతిలోకి పోతుంది. పైగా పిటిషన్ మనిషి నివసించే, వ్యాపారం చేసే చోటి కోర్టులోనే వేయాలి. బెంగళూరులో గది అద్దెకు తీసుకుని ఆదోనిలో ఐపీ వేస్తే అవతలివాళ్లు వేసే మొదటి కౌంటర్‌లోనే (జవాబులోనే) ఆ ప్రశ్న వస్తుంది.

ఏ చట్టం కింద

ఆయన మేనల్లుడు బెంగళూరులో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. 2016 నాటి కొత్త దివాలా కోడ్ కింద వేద్దామని, అందులో చిన్న అప్పులు పూర్తిగా కొట్టేస్తారని ఎక్కడో చదివి వచ్చాడు. ఆ కోడ్‌లో వ్యక్తుల దివాలా గురించి మూడో భాగం ఉన్నమాట నిజమే. కానీ అది 2019 డిసెంబరు 1 నుంచి కంపెనీల అప్పులకు జామీను ఉన్న వ్యక్తులకే అమల్లోకి వచ్చింది. మామూలు దుకాణదారుకు, రైతుకు, ఉద్యోగికి ఇది రాసేనాటికి కూడా అమల్లోకి రాలేదు. కాబట్టి ఆదోని మనిషికి దిక్కు 1920 నాటి ప్రొవిన్షియల్ ఇన్సాల్వెన్సీ చట్టమే.

వందేళ్లు దాటిన చట్టం కావడంతో అందులోని అంకెలు చూస్తే నవ్వొస్తుంది. అప్పు 500 రూపాయలు ఉంటే పిటిషన్ వేయొచ్చు. ఆస్తుల విలువ అప్పులో రూపాయికి ఎనిమిది అణాలకు, అంటే సగానికి, తగ్గితే పూర్తి విముక్తి కష్టం. గుమాస్తా జీతానికి ముందు వరుసలో చెల్లింపు ఉంటుంది గానీ అది 20 రూపాయలకు మించకూడదు! అంకెలు పాతబడ్డాయని చట్టాన్ని తేలిగ్గా తీసుకోకూడదు, దాని కోరలు పదునుగానే ఉన్నాయి.

దానపత్రం

ఆయన చేసి వచ్చిన తప్పు ఇది. 2011లో కొన్న మూడెకరాల మెట్ట పొలం ఉంది, విలువ 12 లక్షల దాకా చేస్తుంది. జనవరిలో, అంటే నా దగ్గరికి రావడానికి రెండు నెలల ముందు, దాన్ని భార్య పేరున దాన సెటిల్‌మెంట్ రిజిస్టర్ చేయించాడు. రిజిస్ట్రార్ ఆఫీసు బయట ఎవరో సలహా ఇచ్చారట. ఇలాంటి సలహా ఇచ్చేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉంటారు, ఫీజు కూడా తీసుకోరు.

ఆ సలహాకు జవాబు చట్టం 53వ సెక్షన్. వెల లేకుండా ఆస్తి రాసిస్తే, ఆ తర్వాత రెండేళ్లలోపు వేసిన పిటిషన్ మీద ఆ మనిషి దివాలాదారుగా తేలితే, రిసీవర్ (దివాలాదారు ఆస్తులు చూసుకోవడానికి కోర్టు పెట్టే మనిషి) ఆ దస్తావేజును రద్దు చేయించవచ్చు. అప్పులవాళ్లను ఎగ్గొట్టే ఉద్దేశంతో చేసిన బదిలీ అయితే 69వ సెక్షన్ కింద ఏడాది దాకా జైలు కూడా. "రెండేళ్లు ఆగి వేద్దాం సార్" అన్నాడు వెంటనే. తెలివైన ప్రశ్నే, కానీ నేను ఒప్పుకోలేదు. ఆ రెండేళ్లూ నెలకు 62 వేల వడ్డీ నడుస్తూనే ఉంటుంది. అప్పులవాళ్లు చూస్తూ కూర్చోరు, మామూలు సివిల్ దావాలోనే ఆస్తి బదిలీ చట్టం 53వ సెక్షన్ కింద ఆ దస్తావేజును దెబ్బకొట్టవచ్చు. అక్కడ ఈ రెండేళ్ల గడువు లేదు. పైగా డిశ్చార్జి, అంటే మిగిలిన అప్పుల నుంచి విముక్తి, అడిగినప్పుడు ఆ దానపత్రం తేదీని జడ్జి తప్పకుండా చూస్తారు.

రిజిస్టరైన దానాన్ని ఇచ్చినవాడు ఒక్కడే పోయి రద్దు చేసుకోలేడు. అందుకని భార్యే తిరిగి ఆయన పేరున ఇంకో సెటిల్‌మెంట్ రాసింది. ఆమెను ఒప్పించడానికి రెండు పూటలు పట్టింది. "మా పిల్లలకు అదొక్కటే సార్ ఉండేది" అంది. ఆమె బాధ న్యాయమైనదే. పొలం పోతుంది, దాచినా పోతుంది, దాచితే మీ ఆయన మాట కూడా కోర్టులో పోతుంది అని చెప్పాను. ఏప్రిల్‌లో పొలం ఆయన పేరుకు తిరిగి వచ్చింది. రెండుసార్ల స్టాంపు ఖర్చు దండగ. కానీ తర్వాత జరిగిన క్రాస్ ఎగ్జామినేషన్‌లో అవతలి వకీలు దాదాపు గంటసేపు ఈ దానపత్రం చుట్టూనే తిరిగాడు. తిరిగి రాసిన దస్తావేజు మా ఫైల్లో లేకపోతే పిటిషన్ అక్కడికక్కడే కూలేది.

ఇల్లు అమ్మడం

బ్యాంకు తనఖా పెట్టుకుని అప్పిచ్చిన సంస్థ. అలాంటివాళ్లను దివాలా పిటిషన్ ఆపలేదు. మనం ఐపీ వేసినా, దివాలా ప్రకటించినా, బ్యాంకు తన తనఖా ఇంటిని వేలం వేసుకోగలదు. అందుకే ఇంటి విషయం పిటిషన్‌కు ముందే తేల్చుకోవాలి. ఇంకో చిక్కు అన్న జామీను. అప్పు తీసుకున్నవాడికి డిశ్చార్జి దొరికినా జామీనుదారుకు దొరకదు. అన్న ఆఫీసుకు వచ్చి తమ్ముణ్ణి నా ముందే తిట్టాడు. "నువ్వు ఐపీ పెట్టి చేతులు దులుపుకుంటావ్, బ్యాంకోళ్లు నా ఇంటికొస్తారు. నాకేం గతి రా?" ఆయన అన్నదాంట్లో తప్పేమీ లేదు.

వేలంలో ఇల్లు పోతే ధర రాదు, మిగిలిన బాకీ అన్న నెత్తిన పడుతుంది. కాబట్టి బ్యాంకు మేనేజరుకు ముందే రాతపూర్వకంగా చెప్పి, అనుమతి తీసుకుని మనమే అమ్మాలని అనుకున్నాం. జూన్‌లో ఖాతా మొండి బాకీల్లోకి వెళ్లింది, జూలైలో 60 రోజుల్లో బాకీ కట్టమని సర్ఫేసీ చట్టం (తనఖా ఆస్తిని బ్యాంకు అమ్ముకోనిచ్చే చట్టం) కింద నోటీసు వచ్చింది, ఆగస్టులో ఇల్లు 32 లక్షలకు అమ్మాం. కొన్నది సంబంధం లేని బయటి మనిషి. ఆయన మొదట రిజిస్టర్ విలువ మాత్రమే దస్తావేజులో చూపించి మిగతాది నగదుగా ఇస్తానన్నాడు. ఆదోని ఏమిటి, ఎక్కడైనా ఇదే పద్ధతి. నేను ససేమిరా అన్నాను. తక్కువ విలువ చూపిన అమ్మకం రేపు రిసీవర్‌కు తక్కువ ధరకు కట్టబెట్టినట్టు కనిపిస్తుంది, చేతికొచ్చిన నగదుకు లెక్క ఉండదు. ఆ బేరం చెడింది. రెండో కొనుగోలుదారు లక్ష తగ్గించినా మొత్తం బ్యాంకు ద్వారానే ఇచ్చాడు. పైన చెప్పిన 32 ఆ ధరే. ముందాయన అన్నది 33.

25 లక్షలు నేరుగా లోన్ ఖాతాకు వెళ్లాయి. తనఖా ఆస్తి డబ్బు తనఖాదారుకే చేరడం పక్షపాతం కిందికి రాదు. అన్న జామీను నుంచి బయటపడ్డాడు. మిగిలిన 7 లక్షల మీద ఇంట్లో పెద్ద చర్చే నడిచింది. బామ్మర్ది 5 లక్షలు ఇచ్చేద్దామని అందరికీ ఉంది. పెళ్లి కావాల్సిన పిల్లవాడు, ఇల్లు కట్టుకుందామని దాచుకున్న డబ్బు. నేను ఒప్పుకోలేదు. పిటిషన్‌కు ముందు మూడు నెలల్లో ఒక అప్పులవాడికి కావాలని పెద్దపీట వేస్తే 54వ సెక్షన్ కింద ఆ చెల్లింపే చెల్లదు. రిసీవర్ బామ్మర్ది నుంచి ఆ డబ్బు వెనక్కి లాగుతాడు, దానితోపాటు పిల్లవాడు కోర్టు మెట్లెక్కాలి. మూడు నెలలు దాటేలా ముందే ఇచ్చేస్తే సెక్షన్ తగలకపోవచ్చు. అయినా బ్యాంకు స్టేట్‌మెంట్‌లో ఆ ఎంట్రీ కనబడుతుంది, మిగతా అప్పులవాళ్లందరికీ అదొక్కటే ఆయుధమవుతుంది. బామ్మర్ది కూడా జాబితాలో మిగతావాళ్లతో సమానంగా నిలబడాలని చెప్పాను. ఇప్పటికీ అక్కతో సరిగా మాట్లాడటం లేదని విన్నాను.

గుమాస్తాల జీతాలు, జీఎస్టీ బకాయి మాత్రం పూర్తిగా కట్టించాను. ప్రభుత్వ బాకీకి ఎలాగూ ముందు వరుస, పైగా డిశ్చార్జి వచ్చినా అది మాఫీ కాదు. గుమాస్తాలకు చట్టం ఇచ్చే రక్షణ ఆ 20 రూపాయలే కాబట్టి వాళ్లను ఆ వరుసలో నిలబెట్టడం అన్యాయం. ఇందులో పక్షపాతం ఉందని ఎవరైనా అంటే అననివ్వండి, పిటిషన్‌కు ఐదు నెలల ముందే చెక్కు ద్వారా ఇచ్చాం, దాచలేదు. అద్దె ఇంటి అడ్వాన్సు, కుటుంబ ఖర్చు పోను మూడున్నర లక్షలు ఖాతాలో అలాగే ఉంచి ఆస్తుల షెడ్యూలులో చూపించాం.

ఆపాల్సినవి

వడ్డీ కట్టడం ఆపించాను. ఇది చాలామందికి మింగుడుపడదు. నెలనెలా వడ్డీ ఇస్తుంటే పరువు నిలుస్తుందని నమ్ముతారు. ఇచ్చే స్తోమత లేనప్పుడు ఒకడికి ఇచ్చే వడ్డీ ఇంకొకడి దగ్గర తెచ్చిందే అవుతుంది.

ప్రోనోట్లు తిరగరాయడం కూడా ఆపాం. దావా వేసే గడువు మూడేళ్లు దగ్గరపడుతుంటే అప్పిచ్చినవాడు వచ్చి చెల్లు వేయమంటాడు (కొంత కట్టినట్టు నోటు మీద రాసి సంతకం పెట్టమంటాడు), లేదా వడ్డీని అసలులో కలిపి కొత్త నోటు రాయమంటాడు. భయంతో రాసేస్తారు. అలా రాసిన ప్రతి నోటూ అప్పు పెంచుతుంది, పైగా కట్టలేనని తెలిసి చేసిన అప్పుగా డిశ్చార్జి దగ్గర ఎదురొస్తుంది.

అదే కారణంతో కొత్త సరుకు అప్పు మీద దించొద్దన్నాను. "ఈ సీజను ఒక్కటి గట్టెక్కితే సాలు సార్" అన్నాడు. జూన్ వస్తోంది, వానలు బాగుంటాయంటున్నారు, రైతులు అడుగుతున్నారు. దివాలా తీసిన ప్రతి వ్యాపారికీ ఈ ఒక్క సీజన్ ఉంటుంది. తాను మునిగానని తెలిసీ వ్యాపారం కొనసాగించడం 42వ సెక్షన్ ప్రకారం పూర్తి డిశ్చార్జిని నిరాకరించడానికి ఒక కారణం. మే నెలాఖరుకు దుకాణం మూయించాను. ఈ కేసు మొత్తంలో ఆయనకు కష్టంగా తోచింది ఇదే, ఇల్లు అమ్మిన రోజు కంటే ఎక్కువ బాధపడ్డాడు.

ఎల్ఐసీ పాలసీ సరెండర్ చేసి ఒక అప్పులవాడి నోరు మూయిద్దామనుకున్నాడు. ఆపాను. జీవిత బీమా పాలసీ కింద వచ్చే డబ్బును సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షన్ జప్తు నుంచి మినహాయించింది. అలా మినహాయింపు ఉన్న ఆస్తులు దివాలాలో రిసీవర్‌కు పోవు. పీపీఎఫ్, వంటపాత్రలు, బట్టలు, మంగళసూత్రం కూడా ఈ కోవలోవే. పాలసీగా ఉన్నంతకాలం అది పిల్లలది. సరెండర్ చేసి చేతికి తెచ్చుకుంటే ఆ రక్షణ పోతుంది. చట్టమే ఇచ్చిన రక్షణను భయంతో పారేసుకోవడం, చట్టం ఒప్పుకోని చోట ఆస్తి దాచడం, ఈ రెండూ ఒకే మనిషి ఒకే వారంలో చేయడం నేను చాలాసార్లు చూశాను.

బంగారం లోన్ భార్య నగల మీద. పుట్టింటివాళ్లు వాళ్ల డబ్బుతో విడిపించుకున్నారు. అది ఆమె స్త్రీధనం, వాళ్ల ఖాతా నుంచి నేరుగా కట్టారు, రసీదులు ఫైల్లో పెట్టాం.

ఫైనాన్స్ కంపెనీ రికవరీ మనుషులు రాత్రి పూట ఇంటికి వచ్చేవాళ్లు. రిజర్వు బ్యాంకు నియమాల ప్రకారం వాళ్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ కూడా చేయకూడదు. ఫోన్ కాల్స్ టైంతో సహా కంపెనీకి లేఖ రాశాక ఆగారు. ప్రైవేటు అప్పులవాళ్లను ఇలా ఆపడం కుదరదు. ఇద్దరు వసారాలో చాప వేసుకుని కూర్చున్నారు. వాళ్లకు కాఫీ ఇచ్చి, కొత్తగా ఏదీ రాసివ్వనని మాత్రం గట్టిగా చెప్పమన్నాను.

హోల్‌సేలర్, చెక్కులు

దుకాణంలో 5 లక్షల సరుకు మిగిలింది. పురుగుమందుకు గడువు తేదీ ఉంటుంది, దాటితే అమ్మడం నేరం, పారేయడమే. గడువు మిగిలి ఉన్న మూడున్నర లక్షల సరుకు మే నెలలోనే హోల్‌సేలర్‌కు తిరిగి పంపి క్రెడిట్ నోట్ (బాకీలో అంత తగ్గించినట్టు కాగితం) తీసుకున్నాం. ఇది ఒక అప్పులవాడికి లాభం చేయడం కాదా అని నన్ను అడిగితే, కొంత అవుననే చెబుతాను. కానీ అమ్ముడుపోని సరుకు వాపసు తీసుకోవడం ఈ వ్యాపారంలో మామూలే, పిటిషన్‌కు తొమ్మిది నెలల ముందు జరిగింది, దాచి ఉంచితే దాని విలువ సున్నా అయ్యేది. బాకీ పదిన్నర లక్షలకు దిగింది.

ఆ క్రెడిట్ నోట్ తర్వాత ఇంకోరకంగా పనికొచ్చింది. డిసెంబరులో హోల్‌సేలర్ ఖాళీ చెక్కు మీద 14 లక్షలు రాసుకుని బ్యాంకులో వేశాడు. బౌన్స్ అయింది, నోటీసు వచ్చింది. చెక్ బౌన్స్ క్రిమినల్ కేసు. దివాలా పిటిషన్ దాన్ని ఆపదు, ఈ మాట ప్రతి క్లయింటుకూ మొదటి రోజే చెప్పాలి. నోటీసు అందాక డబ్బు కట్టడానికి 15 రోజులే గడువు. ఆ లోపే క్రెడిట్ నోట్ జతచేసి జవాబిచ్చాం. చెక్కు ఇచ్చాక అప్పులో కొంత తీరిపోయినా పూర్తి మొత్తానికి చెక్కు వేస్తే 138వ సెక్షన్ నేరం నిలబడదని 2022లో దశరథ్‌భాయ్ పటేల్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. మా వాదన అంతా దాని మీదే. ‘స్టాప్ పేమెంట్’ ఇచ్చేస్తే చాలనుకునేవాళ్లకు ఒక మాట, అది ఒక్కటే కాపాడదు.

ఉద్దర పుస్తకాలు

పుస్తకాల ప్రకారం రైతుల నుంచి రావాల్సింది 38 లక్షలు. ఆయన దీన్ని ఆస్తిగానే లెక్కేయలేదు. "వాళ్ల దగ్గర యాడుంది సార్, రాసినా దండగే" అన్నాడు. కొందరి పేర్లు రాయడానికి మొహమాటం కూడా. కానీ రావలసిన బాకీ ఆస్తే, వదిలేస్తే దాచినట్టే. అదీకాక గత మూడేళ్ల వ్యాపార లెక్కలు లేకపోవడం డిశ్చార్జికి పెద్ద అడ్డంకి.

పుస్తకాలు సగం చిరిగిపోయి, సగం ఆయనకే అర్థమయ్యే గుర్తులతో ఉన్నాయి. ఇక్కడ మాకు కలిసొచ్చింది పీఓఎస్ మెషీన్. 2018 నుంచి సబ్సిడీ ఎరువులు రైతు ఆధార్, వేలిముద్ర తీసుకునే అమ్మాలి. యూరియా, డీఏపీ ఎవరికి ఏ తేదీన ఎన్ని బస్తాలు పోయాయో ఆ రికార్డులో ఉంది. పురుగుమందులకు అది లేదు గానీ, ఎరువు తేదీల పక్కన పుస్తకంలోని మందు ఎంట్రీలు పెట్టి చూస్తే లెక్క నమ్మదగ్గట్టు కుదిరింది. జీఎస్టీ రిటర్నులు, బ్యాంకు స్టేట్‌మెంట్లతో సరిచూసి మూడేళ్ల ఖాతాలు తయారుచేయించాం.

తర్వాత కాలపరిమితి, అంటే బాకీకి దావా వేయడానికి ఉన్న గడువు. సరుకు అమ్మిన బాకీకి మూడేళ్లు. అయితే కోవిడ్ కారణంగా 2020 మార్చి 15 నుంచి 2022 ఫిబ్రవరి 28 దాకా ఉన్న కాలాన్ని లెక్కలోంచి తీసేయాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. దాంతో 2021 మిరప సీజన్ ఉద్దరలకు 2025 ఫిబ్రవరి దాకా ప్రాణం ఉంది. ఆ లోపే రైతుల దగ్గరికి వెళ్లి బాకీ ఒప్పుకుంటూ పుస్తకంలో సంతకాలు చేయించుకోమన్నాను. సగానికి పైగా బాకీలకు చేశారు. డబ్బు లేకపోయినా మాట కాదనలేదు. ఆ తిరుగుడులో ఇంకో సంగతి బయటపడింది, కొందరి పట్టాదారు పాస్‌బుక్కులు ఈయన బీరువాలో ఉన్నాయి. వాటి మీద ఈయనకు ఏ హక్కూ లేదు. తిరిగి ఇచ్చేసి సంతకాలు తీసుకోమన్నాను.

అదే కోవిడ్ లెక్క అవతలివైపూ పనిచేసింది. 2019 నాటి ఒక ప్రోనోటుకు కాలదోషం పట్టిందని ఆయన సంబరపడ్డాడు, పట్టలేదు. 2018 మొదట్లో రాసి, చెల్లు పడని రెండు నోట్లకు మాత్రం నిజంగానే గడువు పోయింది. ఆ 4 లక్షలనూ జాబితాలో చూపించాం, పక్కన కాలదోషం పట్టిందని, ఒప్పుకోవడం లేదని స్పష్టంగా రాశాం. అలా రాయకపోతే మనమే సంతకం పెట్టి ఒప్పుకున్నామని రేపు వాదిస్తారు.

పిటిషన్, ఆ తర్వాత

2024 ఫిబ్రవరిలో సీనియర్ సివిల్ జడ్జి కోర్టులో పిటిషన్ వేశాం. ‘ఏ’ షెడ్యూలులో అప్పులు, ప్రతి ఒక్కరి పూర్తి పేరు, చిరునామా. బామ్మర్ది కూడా అందులో ఒకడు. ‘బీ’ షెడ్యూలులో ఆస్తులు. దానపత్రం, తిరిగి రాసిన దస్తావేజు, ఇంటి అమ్మకం, సరుకు వాపసు అన్నీ మేమే ముందుగా చెప్పేశాం. అవతలివాడు బయటపెడితే అది మోసంగా కనిపిస్తుంది, మనమే చెబితే వివరణగా ఉంటుంది.

ఐపీ వేసిన రోజే అన్నీ ఆగిపోతాయని ఊళ్లో అనుకుంటారు. అలా ఏమీ జరగదు. దావాలు ఆగేది దివాలాదారుగా ప్రకటించాక, ఆ ఉత్తర్వు చూపించాక. ఈ మధ్యకాలంలో ఇద్దరు ప్రోనోటు దావాలు వేశారు, ఒకాయన పొలాన్ని తీర్పుకు ముందే జప్తు చేయమని అడిగాడు. వాటికి విడివిడిగా కౌంటర్లు వేస్తూ వచ్చాం. నోటీసుల బత్తా, పేపర్ ప్రకటన, అందని నోటీసులు తిరిగి పంపడం, వాయిదాలు. దీని గురించి ఎక్కువ రాయడానికేం లేదు, కాలం పడుతుంది.

2025 మొదట్లో దివాలాదారుగా ప్రకటిస్తూ ఉత్తర్వు వచ్చింది, డిశ్చార్జికి దరఖాస్తు చేసుకోవడానికి ఏడాది గడువు పెట్టారు. చాలామంది ఇక్కడే ఇంటికి పోయి పడుకుంటారు. గడువులో దరఖాస్తు చేయకపోతే ప్రకటనే రద్దవుతుంది, పడిన శ్రమంతా పోతుంది. ఈయన చేత గడువు తీరకముందే దరఖాస్తు వేయించాను.

ఇప్పుడు పోరాటం ఎనిమిది అణాల దగ్గర. తనఖా లేని అప్పులు: ప్రోనోట్లు కాలదోషం పట్టినవి పోను 27 లక్షలు, హోల్‌సేలర్ పదిన్నర, ఫైనాన్స్ కంపెనీ 6, బామ్మర్ది 5. మొత్తం 48.5 లక్షలు. ఆస్తుల వైపు పొలం 12, ఖాతాలో మూడున్నర, ఉద్దరల్లో వసూలయ్యేది మహా అయితే 8. మొత్తం 23.5 లక్షలు. రూపాయికి 48 పైసలు చిల్లర. సగానికి ఇంకో 75 వేలు తక్కువ. అలా తగ్గినప్పుడు, ఆ లోటుకు తన తప్పు కారణం కాదని కోర్టును నమ్మించాలి. అందుకే 2021-22 మిరప నష్టం కాగితాలు, పీఓఎస్ రికార్డు, ఆ సీజన్ ఉద్దర పుస్తకాలు మళ్లీ బయటికి తీశాం. బామ్మర్దికి ఆ రోజు 5 లక్షలు ఇచ్చి ఉంటే ఖాతాలోని మూడున్నర ఉండేది కాదు, అప్పు కూడా చాలినంత తగ్గేది కాదు. లెక్క ఇంకా కిందికి పోయేది, పక్షపాతం ఆరోపణ అదనం.

ఇంకో దారి రాజీ పథకం. బాకీ రుజువైన అప్పులవాళ్లలో సంఖ్యలో సగానికి పైగా, విలువలో నాలుగింట మూడు వంతుల మంది ఒప్పుకుంటే కోర్టు ఆమోదించవచ్చు. 48.5 లక్షల్లో మూడు వంతులంటే 36 లక్షల పైచిలుకు. ప్రోనోట్లవాళ్లందరూ, బామ్మర్దీ కలిసినా 32 దాటదు. హోల్‌సేలర్ గానీ ఫైనాన్స్ కంపెనీ గానీ రావాలి. హోల్‌సేలర్ చెక్ కేసు తేలేదాకా మాట్లాడనంటున్నాడు. ఫైనాన్స్ కంపెనీకి రాశాం, వాళ్ల లీగల్ వాళ్లు రిసీవర్ లెక్కల కాపీ అడిగారు.

క్లయింట్ ప్రస్తుతం అదే ఊళ్లో ఇంకొకరి ఎరువుల దుకాణంలో జీతానికి చేస్తున్నాడు. మొన్న ఈఎంఐ మీద ఫోన్ కొనవచ్చా అని అడిగాడు. డిశ్చార్జి రాకముందు తాను దివాలాదారునని చెప్పకుండా 50 రూపాయలకు తగ్గకుండా అప్పు తీసుకున్నా 72వ సెక్షన్ కింద ఆరు నెలల దాకా జైలు. షాపువాడికి ఆ సంగతి చెప్పి తీసుకుంటే తీసుకోండి, లేకపోతే నగదు పెట్టి పాత ఫోను కొనుక్కోండి అన్నాను. డిశ్చార్జి పిటిషన్‌లో హోల్‌సేలర్ కౌంటర్ దాఖలైంది, రిసీవర్ నివేదిక రావాల్సి ఉంది.